బొమ్మల కింద కందాలు

పోయిన భాగంలో వేములవాడ చాళుక్యుల యుద్ధాలు, వంశావళులు చూశాం. రాష్ట్రకూటులకు సామంతులుగా ఉంటూ సబ్బినాడును, అంటే ఇప్పటి కరీంనగర్ ప్రాంతాన్ని ఏలిన వంశం అది. ఈసారి రాజును కాస్త పక్కన పెడదాం. ఆ రాజు కొలువులోని కవికి ఒక తమ్ముడుండేవాడు. ఆ తమ్ముడు ఒక గుట్ట మీద చేయించిన పని తెలుగు పద్యం చరిత్రలోనూ, మన శిల్ప చరిత్రలోనూ పెద్ద మైలురాయి. కానీ రెండు చరిత్రలనూ ఒక్కచోట పెట్టి చూసినవాళ్లు తక్కువ. పద్యం చదివేవాళ్లు బొమ్మను వదిలేశారు, బొమ్మను చూసేవాళ్లు పద్యాన్ని వదిలేశారు. రెంటినీ కలిపి చూడడమే ఈ భాగం పని.

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దిక్కున గంగాధర మండలం ఉంది. ఆ మండలంలో కురిక్యాల ఊరు. ఊరి దగ్గరి గుట్టను జనం బొమ్మలమ్మ గుట్ట అంటారు, బొమ్మలగుట్ట అని కూడా అంటారు. గుట్ట రాతి మీద జైన తీర్థంకరుల మూర్తులు, వాళ్ల మధ్య అనేక చేతులతో చక్రేశ్వరీ దేవి. ఊరివాళ్లకు ఆమె బొమ్మలమ్మ. ఆ బొమ్మల కిందనే, అదే రాతి మీద, పదకొండు పంక్తుల శాసనం. క్రీస్తు శకం 945 ప్రాంతానిదని పండితుల నిర్ణయం. చెక్కించినవాడు జినవల్లభుడు. కన్నడ సాహిత్యం ఆదికవిగా కొలిచే పంపడికి స్వయానా తమ్ముడు.

బొమ్మ దగ్గర అక్షరం చెక్కే అలవాటు జినవల్లభుడితో మొదలుకాలేదు. పెద్దపల్లి జిల్లా ఎలిగేడు మండలంలో ధూళికట్ట ఉంది. సాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం అక్కడ బయటపడింది. స్తూపానికి తాపడం చేసిన సున్నపురాయి పలకల మీద బొమ్మలున్నాయి, ముచిలింద నాగుడు ఉన్నాడు, వాటితో పాటు బ్రాహ్మీ లిపిలో ప్రాకృత అక్షరాలున్నాయి. ఆ అక్షరాలు చెప్పేది దాత పేరు. ఫలానా గృహపతి ఇచ్చినది, అంతే. దానం చేసినవాడి పేరు దేవుడి దగ్గర ఉండాలన్న కోరిక ఆ ఒక్క ముక్కలోనే తీరిపోయింది. వర్ణన లేదు, ఛందస్సు లేదు.

బొమ్మకు పద్యం తోడవడం ఆ తర్వాతి దశ. దక్కనులో దీనికి అందమైన ఉదాహరణ అజంతా 2వ గుహ. అక్కడ క్షాంతివాది జాతక కథను గోడ మీద చిత్రించి, ఆర్యశూరుడి జాతకమాలలోని శ్లోకాలను దాని దగ్గర రంగుతో రాశారు. కోపిష్టి రాజు, ఓర్పే వ్రతంగా పెట్టుకున్న ముని. చదువుకున్న భిక్షువు శ్లోకం చదివి బొమ్మ వైపు చూస్తాడు, లేదా బొమ్మ చూసి శ్లోకం గుర్తు చేసుకుంటాడు. పద్యం అక్కడ బొమ్మలోని కథనే చెబుతుంది.

కురిక్యాల పద్యాలు అట్లాంటివి కావు. నన్ను చాలాకాలంగా ఆలోచనలో పెట్టిన సంగతి ఇదే. పైన తీర్థంకరులు ధ్యానంలో ఉన్నారు, చక్రేశ్వరి కొలువుదీరి ఉంది. కింది తెలుగు పద్యాల్లో ఆ మూర్తుల రూపవర్ణన ఒక్క మాటైనా లేదు. అవి జినవల్లభుడిని పొగుడుతాయి. మరి దేవతల కాళ్ల దగ్గర మనిషి పొగడ్త ఎందుకు? అందుకు జవాబు శాసనం కూర్పులో ఉంది.

శాసనంలో మూడు భాషలున్నాయి: సంస్కృతం, కన్నడం, తెలుగు. మూడింటికీ లిపి ఒకటే, ఆ కాలపు తెలుగు-కన్నడ లిపి. ఈ మూడు భాషలూ ఒకే విషయాన్ని మూడుసార్లు చెప్పవు. ఎవరి పని వాళ్లదే.

పుట్టుపూర్వోత్తరాలు, చేయించిన పనుల లెక్క కన్నడ వచనం మోస్తుంది. జినవల్లభుడు వేంగినాటి వంగిపర్రుకు చెందిన కమ్మె బ్రాహ్మణ కుటుంబం వాడు, శ్రీవత్స గోత్రం. తాత అభిమానచంద్రుడు, తండ్రి భీమపయ్య. తల్లి అబ్బణబ్బె, ఆమె బెళ్వొల నాటి అణ్ణిగేరికి చెందిన జోయిస సింగన మనుమరాలు. అణ్ణిగేరి ఇప్పటి ధారవాడ జిల్లాలో ఉంది. తండ్రి వైపు వేంగినాడు, తల్లి వైపు ధారవాడ సీమ, బతుకుదెరువు సబ్బినాడులో. ఈ కుటుంబాన్ని తెలుగు కుటుంబమనాలా కన్నడ కుటుంబమనాలా అని ఇవాళ మనం కొట్లాడుకుంటాం గానీ, వాళ్లకు ఆ ఇబ్బందే ఉన్నట్టు లేదు. అన్న కన్నడంలో మహాకావ్యం రాశాడు. తమ్ముడు తెలుగు పద్యం చెక్కించాడు.

ఆ తర్వాత వచనం గుట్ట దగ్గరికి వస్తుంది. దాన్ని వృషభగిరి అంటుంది, అనాదిగా సిద్ధతీర్థమంటుంది. ఆ గిరికి దక్షిణపు వైపున ఉన్న సిద్ధశిల మీద తన కులదైవాలైన మొదటి జినుడి మూర్తిని, చివరి జినుడి మూర్తిని, చక్రేశ్వరిని, ఇతర జిన ప్రతిమలను చేయించాడని చెబుతుంది. మొదటి జినుడు ఋషభనాథుడు, చివరి జినుడు మహావీరుడు. ఋషభుడి గుర్తు ఎద్దు, ఆయన శాసనదేవత చక్రేశ్వరి. గుట్ట పేరు, మూర్తులు, అక్షరాలు ఒకదానికొకటి సాక్ష్యమిస్తున్నాయి. శిల్పాన్ని చూసి ఎవరీ దేవతలని నిపుణులు ఊహించాల్సిన అవసరమే ఇక్కడ లేదు. చేయించినవాడే చెప్పి పెట్టాడు. మధ్యయుగపు భారతీయ శిల్పంలో ఇట్లాంటి అదృష్టం ఎప్పుడో గానీ దొరకదు. మన మ్యూజియాల్లో మూర్తి కింద పేరు పక్కన ప్రశ్నార్థకం ఎన్నిసార్లు కనపడుతుందో చూడండి.

జినవల్లభుడు బొమ్మలతో ఆగలేదు. త్రిభువనతిలకమనే బసదిని కట్టించాడు. కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించాడు. మదనవిలాసమనే తోట వేయించాడు. చెరువు పేరు మీద ఒక్క క్షణం ఆగండి. కవితాగుణార్ణవుడన్నది అన్న పంపడి బిరుదు. తమ్ముడు తవ్వించిన చెరువుకు అన్న బిరుదు పెట్టాడు. శాసనంలో ఎన్ని పొగడ్తలున్నా నాకు ఈ ఒక్క పేరులోనే ఆ ఇద్దరి మధ్య ఉన్న ఆప్యాయత తెలుస్తుంది.

పంపడి ముచ్చట కూడా ఆ రాతి మీద ఉంది. వేములవాడ రాజు రెండవ అరికేసరి కోరిక మీద పంపడు విక్రమార్జున విజయం రాశాడు. భారత కథలో అర్జునుడిని, తన రాజు అరికేసరిని ఒకటి చేసి నడిపిన కావ్యం అది. 941 ప్రాంతపు రచన. ప్రతిఫలంగా రాజు ధర్మవురమనే అగ్రహారాన్ని ఇచ్చాడు. ఈ అగ్రహారం మాట కావ్యంలోనూ ఉంది, కురిక్యాల రాతి మీదా ఉంది. కవి తన గురించి చెప్పుకున్నదాన్ని రాయి నిజమని చెప్పడం మన సాహిత్య చరిత్రలో అరుదు. నన్నయకు ముందరి తెలుగు కవుల గురించి మనం ఎంతో వెతుకుతాం. పక్క భాష ఆదికవికి మాత్రం కరీంనగర్ గుట్ట ఒకటి సాక్షిగా నిలబడింది.

ధర్మవురమంటే గోదావరి ఒడ్డున ఉన్న ఇప్పటి ధర్మపురి అని చాలామంది రాస్తూ వచ్చారు. శాసనం మాత్రం ఈ గుట్ట ధర్మవురానికి ఉత్తర దిక్కున ఉందంటుంది. ధర్మపురి చూస్తే కురిక్యాలకు ఉత్తరాన ఉంది. దిక్కులు కుదరవు. పేరు పోలికను నమ్మాలా, రాతి మాటను నమ్మాలా అని అడిగితే నేను రాతి మాటనే నమ్ముతాను. ధర్మవురాన్ని గుట్టకు దక్షిణాన వెతకడమే న్యాయం.

ఇక తెలుగు పద్యాల సంగతి. మూడు కందాలు. ఇంతవరకు దొరికిన తెలుగు కంద పద్యాల్లో తొలివిగా పండితులు లెక్కించేవి ఇవే. అప్పటికే తెలుగు పద్యం రాతికెక్కి వందేళ్లు కావస్తోంది. 848 నాటి పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ ఉంది. బెజవాడలో యుద్ధమల్లుడి స్తంభం మీద మధ్యాక్కరలున్నాయి, అవి ఇంచుమించు పంపడి తరం నాటివే. కందం మాత్రం మొదట కనపడేది కురిక్యాలలో. నన్నయ భారతం ఇంకా నూరేళ్ల దూరంలో ఉంది.

మూడు పద్యాల సారం ఇది. జిన భవనాలు ఎత్తించడంలో, జిన పూజలు చేయడంలో, జిన మునులకు అన్నం పెట్టడంలో జినవల్లభుడికి సాటి వచ్చే జైనులు ఎవరున్నారని ఒక పద్యం అడుగుతుంది. సూర్యుడికి సమంగా వెలుగుతామని ఎవరనగలరు, ఈయనకు సాటి ఎవరు రాగలరు అన్న ధోరణి ఇంకొక పద్యానిది. మూడోది లోకంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క గుణం ఉంటే ఉండవచ్చు గానీ ఈ గుణపక్షపాతి గుణాలు లెక్కకు అందవంటుంది. రెండు పద్యాలకు న ప్రాస, మూడో పద్యానికి క్క ప్రాస. ఆ మూడో పద్యాన్ని పైకి చదివితే ఒత్తు మీద ఒత్తు పడుతూ రాతి మీద ఉలి దెబ్బల లాగే వినిపిస్తుంది. ఎవరు కూర్చారో గానీ చెవి ఉన్న మనిషి.

అన్నదానం, పూజ, గుడి కట్టడం. తెలుగు పద్యం ఎత్తి చూపినవన్నీ చుట్టూ ఉన్న జనం కళ్లారా చూసే పనులు. వంశం, అగ్రహారం, కట్టడాల జాబితా కన్నడంలోకి పోయాయి. ఆ కొలువులో సాహిత్యం కన్నడంలో నడిచింది కాబట్టి కొలువుకు తెలియాల్సిన సంగతులకు ఆ భాష. గుట్టెక్కి మొక్కుకునేవాడికి తెలియాల్సింది తెలుగులో. అది కూడా నోటికి పట్టే కందంలో. చదవడం వచ్చినవాడు ఒక్కడు చదివి వినిపిస్తే పదిమంది కంఠస్థం చేసుకుని గుట్ట దిగవచ్చు. ఆ మూడు కందాలు కళ్ల కంటే చెవులకే ఎక్కువ పనికొచ్చేవని నా నమ్మకం. పైన చూపు దేవుడి మీద, కింద చెవి దాత పేరు మీద. మొక్కిన ప్రతిసారీ రెండూ కలుస్తాయి. పైన అడిగిన ప్రశ్నకు నేను ఇచ్చుకునే జవాబు ఇది. మూర్తి ఎట్లా ఉందో చెప్పడానికి పద్యం అక్కర్లేదు, కళ్లున్నాయి. అది ఎవరి భక్తి వల్ల అక్కడ ఉందో కళ్లకు కనపడదు. పద్యం ఆ కొరతను తీర్చింది.

కందం ఎంపికలో ఇంకో తెలివి ఉంది. ఛందస్సు తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. కందానికి నాలుగు పాదాలు. ఒకటి, మూడు పాదాల్లో మూడేసి గణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి. ప్రతి గణానికి నాలుగు మాత్రలు; మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత సమయం. చిన్న పాదానికి 12, పెద్ద పాదానికి 20, మొత్తం 64 మాత్రలు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస. రెండు, నాలుగు పాదాల్లో పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వని పోలిక, కుదరాలి. ఇన్ని కట్లున్నాయి కదా, రాతి మీద ఎక్కడైనా అక్షరం పెచ్చు ఊడిపోతే ఈ కట్లే వెతికి పెడతాయి. మాత్ర తక్కువైతే అక్షరం పోయిందని తెలుస్తుంది. పోయిన చోటు ప్రాస స్థానమైతే ఏ హల్లు పోయిందో కూడా తెలుస్తుంది. వచన శాసనంలో ఒక ఊరి పేరు చెరిగితే ఇక అంతే. పద్యానికి తన దెబ్బను తానే కొంత మాన్పుకునే శక్తి ఉంది. శాసన పరిష్కర్తలు తడి కాగితాన్ని రాతికి అద్ది, బ్రష్‌తో కొట్టి, సిరా పూసి నకలు తీసుకున్నాక ఎక్కువగా ఆధారపడేది ఈ లెక్క మీదనే. వెయ్యేళ్లు దాటిన ఆ తెలుగు పద్యాలను మనం ఇవాళ చదవగలుగుతున్నామంటే రాయి గట్టిదనం సగం కారణం, కందం గట్టిదనం సగం కారణం.

ఆ రోజుల్లో ఈ ప్రాంతం ఎంత చదువుల సీమో చెప్పే సంగతి ఇంకొకటి ఉంది. జైన ఆచార్యుడు సోమదేవసూరి సంస్కృతంలో యశస్తిలక చంపువును శకం 881లో, అంటే 959లో గంగాధరలో పూర్తి చేశాడు. అప్పుడక్కడ ఉన్నవాడు అరికేసరి కొడుకు వాగరాజు. ఆ గంగాధర కురిక్యాల పక్కనున్న ఈ గంగాధరేనని ఎక్కువమంది పండితుల మాట. 966 నాటి పర్భణీ తామ్రశాసనం ప్రకారం వేములవాడలో అదే వంశపు రాజు బద్దెగుడు కట్టించిన శుభధామ జినాలయం కోసం మూడవ అరికేసరి అదే సోమదేవుడికి ఊరు దానమిచ్చాడు. పాతికేళ్ల వ్యవధిలో, కొద్ది క్రోసుల దూరంలో, కన్నడంలో విక్రమార్జున విజయం, తెలుగులో తొలి కందాలు, సంస్కృతంలో యశస్తిలకం. మూడింటి వెనుకా ఒకే రాజకుటుంబం, ఒకే మతం.

అదే కాలానికి కాస్త అటూ ఇటూగా ఐరోపాలోనూ చర్చీల బొమ్మలకు లాటిన్ పద్యాలు తోడయ్యేవి. అక్కడ ఆ పద్యం పని వేరు. క్రీస్తు శకం 600 ప్రాంతంలో మార్సెయ్ బిషప్ సెరెనస్ చర్చీల్లోని బొమ్మలను పగలగొట్టిస్తే, పోప్ మొదటి గ్రెగరీ ఆయనను మందలిస్తూ ఉత్తరం రాశాడు. చదువు వచ్చినవాడికి రాత ఎట్లాంటిదో రానివాడికి బొమ్మ అట్లాంటిదని ఆ ఉత్తరం సారాంశం. ఆ తర్వాత శతాబ్దాల తరబడి అక్కడ పద్యం, బొమ్మను ఎట్లా చూడాలో నేర్పే గురువైంది. పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ చర్చికి 1140లో అబాట్ సుగర్ బంగారు పూత పూసిన కంచు తలుపులు పెట్టించి, వాటి మీద పద్యాలు రాయించాడు. బంగారాన్ని, ఖర్చును చూసి మురిసిపోకుండా పనితనాన్ని చూడమనీ, ఆ వెలుగు నుంచి అసలైన వెలుగు వైపు మనసును నడపమనీ వాటి భావం. ఇప్పుడు ఆ తలుపులు లేవు. పద్యాలు సుగర్ రాసుకున్న పుస్తకంలో మాత్రం ఉన్నాయి. అదే ఫ్రాన్సులో ఓతున్ చర్చి ద్వారం మీద 1130 ప్రాంతంలో తుది తీర్పు దృశ్యం చెక్కారు. చుట్టూ లాటిన్ పద్యాలు, క్రీస్తు పాదాల కింద గిస్లెబెర్టుస్ అనే పేరు. 1766లో ఆ శిల్పం మోటుగా ఉందని చర్చి పెద్దలే గచ్చుతో కప్పేశారు. 1837లో మళ్లీ బయటపడింది.

సెయింట్ డెనిస్‌లో బొమ్మ పోయి పద్యం మిగిలింది. ఓతున్‌లో రెండూ కలిసి డెబ్బై ఏళ్లు గచ్చు కింద పడి ఉన్నాయి. కురిక్యాలలో జరిగింది ఇంకో రకం. బొమ్మ ఎన్నడూ కనుమరుగు కాలేదు, పద్యం ఎన్నడూ చెరిగిపోలేదు. చదివేవాళ్లు పోయారు. లిపి మారింది, బసది నడిపించే జైనులు తగ్గిపోయారు. చక్రేశ్వరి బొమ్మలమ్మ అయింది. ఈ మార్పును నష్టమని ఏడ్చేవాళ్లతో నేను ఏకీభవించను. గుట్ట కింది ఊళ్ల భక్తి లేకపోతే ఆ రాయి ఎప్పుడో ఎవరో ఒకరి పునాదిలోకి పోయేది. పేరు మార్చి కొలిచినా జనం ఆ మూర్తిని కాపాడారు. పేరును పద్యం కాపాడింది. రెండు కాపలాలూ ఒకే రాతి మీద ఉండబట్టే మనకు రెండూ దక్కాయి.

హనుమకొండ పద్మాక్షి గుట్ట చరిత్ర దీనికి అక్కచెల్లెలు వరుస. 1117లో కాకతీయ రెండవ ప్రోలుని మంత్రి బేతన భార్య మైలమ అక్కడ కడలాలయ బసదిని కట్టించిందని స్తంభ శాసనం చెబుతుంది. ఆ స్తంభం పై భాగంలో జిన మూర్తులున్నాయి. ఇవాళ అక్కడ పూజలందుకునేది పద్మాక్షి అమ్మవారు, గుట్ట కింద వేలమంది ఆడపడుచులు బతుకమ్మ ఆడతారు. తెలంగాణలో జైన గుట్టలు ఎక్కువగా అమ్మవారి గుట్టలై బతికాయి.

బెజవాడ యుద్ధమల్లుడి శాసనంలో మూర్తికీ పద్యానికీ ఉన్న సంబంధం వేరే తీరుగా ఉంటుంది. చేబ్రోలు నుంచి జాతరకు వచ్చిన కుమారస్వామి బెజవాడ మీద మనసుపడి నిలిచిపోయాడని ఆ మధ్యాక్కరలు చెబుతాయి. అక్కడ పద్యం మూర్తికి ఒక కథ ఇచ్చింది. కురిక్యాల పద్యం కథ ఇవ్వలేదు, మనిషిని ఇచ్చింది.

ఇప్పుడు గోదావరి దాటి ఆదిలాబాద్‌కు పోదాం. పెన్‌గంగ సీమలో, ఆదిలాబాద్ పట్టణానికి దగ్గరలో జైనథ్ ఉంది. నల్లరాతి గుడి, లక్ష్మీనారాయణస్వామి. కార్తీకంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. దసరా తర్వాతి రోజుల్లో ఉదయపు ఎండ నేరుగా గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతుంది, అది చూడడానికి జనం పోటెత్తుతారు. ఊరి పేరును బట్టి ఇది జైనుల గుడి అని కొందరంటారు. ఇక్కడి శాసనం ప్రాకృతంలో ఉందనీ, పల్లవులు కట్టించిన గుడి అనీ యాత్రా పుస్తకాలు రాస్తూ వస్తున్నాయి. ఆ మాటను ఒకరిని చూసి ఒకరు ఎత్తి రాసుకోవడమే తప్ప శాసనాన్ని చూసినట్టు లేదు.

జైనథ్ శాసనం సంస్కృత పద్యాల్లో, నాగరి లిపిలో ఉంది. పరమార జగద్దేవుడి కాలానిది, అంటే పదకొండో శతాబ్దం చివరి, పన్నెండో శతాబ్దం తొలి దశకాల నాటిది. జగద్దేవుడు ధారా నగరపు భోజరాజు వంశం వాడు, ఉదయాదిత్యుడి కొడుకు. కల్యాణి చాళుక్య ఆరవ విక్రమాదిత్యుడి కొలువుకు వచ్చి, కొలనుపాక వైపు కూడా అధికారం చేశాడు. శాసనం అతని విజయాలను వరుసగా పాడి, అతని కొలువులోని దాహిమ వంశపు లోలార్కుడి దగ్గరికి వస్తుంది. ఆ లోలార్కుడి భార్య పద్మావతి నింబాదిత్యుడికి గుడి కట్టించిందని చెబుతుంది. నింబాదిత్యుడంటే సూర్యుడు. భర్త పేరులోనూ సూర్యుడే ఉన్నాడు.

ఇక్కడ మూర్తి ఒకటి చెబుతోంది, పద్యం ఇంకొకటి చెబుతోంది. మూర్తి లక్ష్మీనారాయణుడిది. పద్యం ఆదిత్యుడిది. అయినా ప్రతి ఏటా దసరా దాటాక జనం ఎదురుచూసేది సూర్యకిరణం కోసమే. పద్మావతి పేరు తెలియకుండా, సంస్కృతం రాకుండా, ఆమె నిలిపిన దేవుడి పండుగను ఊరు జరుపుకుంటూనే ఉంది. శాసనం లేకపోతే ఆ కిరణం కట్టడపు నైపుణ్యంగా మాత్రమే మిగిలేది. శాసనం చదివాక దాని వెనుక ఒక గృహిణి మొక్కు కనపడుతుంది. మన గుళ్ల దగ్గర కట్టించిన రాజుల పేర్లు బోర్డుల మీద రాస్తారు. జైనథ్‌లో పద్మావతి పేరు రాయాలి. తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఒక స్త్రీ చేసిన పని అక్కడి పద్యంలో భద్రంగా ఉంది, పల్లవుల ఖాతాలో వేసి దాన్ని పోగొట్టడం అన్యాయం.

కురిక్యాల దగ్గరికి తిరిగి వస్తే, 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఈ శాసనం పేరు అందరి నోటా వినపడింది. తెలంగాణలో తెలుగు ఎంత పాతదో చూపించే రుజువుగా సభల్లో, పత్రికల్లో దాన్ని తలుచుకున్నాం. తలుచుకోవడం మంచిదే. కానీ తలుచుకున్నప్పుడల్లా మూడు పద్యాలనే విడదీసి చూపించాం. వాటి మీదున్న ఋషభుడు, మహావీరుడు, చక్రేశ్వరి ఆ మాటల్లో లేరు. పుస్తకంలో అచ్చేసిన మూడు కందాలు చదివినవాడికి అవి ఒక ధనికుడి పొగడ్తగానే కనపడతాయి. బొమ్మల కింద నిలబడి చదివినవాడికి, ఎందుకు పొగిడారో కళ్లెత్తితే కనపడుతుంది. ఈ శాసనం సాహిత్య విద్యార్థులకు ఎంత అవసరమో శిల్ప విద్యార్థులకు అంతే అవసరం. కాలేజీల్లో తెలుగు శాఖ వాళ్లు, చరిత్ర శాఖ వాళ్లు కలిసి పిల్లలను అక్కడికి తీసుకుపోవాలి.

దీనికి ముప్పు కూడా అక్కడే ఉంది. కరీంనగర్ గ్రానైట్‌కు దేశదేశాల్లో గిరాకీ. గుట్టలు పలకలై లారీలెక్కి పోతున్న జిల్లా ఇది. రాయిని తొలిచి తీసేచోట పేలుడు అదురుకు పక్కనున్న బండలు కూడా బీటలు వారతాయి. బొమ్మలమ్మ గుట్ట మీద ఉన్నది తీసి మ్యూజియంలో పెట్టుకునే విడి విగ్రహం కాదు, గుట్టలో భాగమైన రాయి. గుట్టను కాపాడితేనే బొమ్మ, బొమ్మను కాపాడితేనే పద్యం. చుట్టూ తగినంత మేర క్వారీల మాటే రాకుండా చూడడం ప్రభుత్వం పని. ఎవరైనా దాన్ని మరిచిపోతే గుర్తు చేయడం మన పని.

కురిక్యాలకు గానీ జైనథ్‌కు గానీ పోయే పాఠకులకు ఒక మాట. అక్షరాల్లో సుద్ద నింపి ఫోటోలు తీయకండి, నూనె పోయకండి, పసుపు కుంకుమలు అమ్మవారికి పెట్టండి గానీ అక్షరాల మీద పూయకండి. సుద్ద నింపి చదివితే మీరు చదివినదే అక్షరమని తర్వాతివాళ్లు అనుకుంటారు, అసలు గీత మరుగున పడుతుంది. ఉదయం గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో పోతే ఏమీ పూయకుండానే అక్షరాలు నీడలతో పైకి తేలి కనపడతాయి. మీ ఊరి గుడిలో, గుట్ట మీద, పొలం గట్టున బొమ్మతో పాటు అక్షరాలున్న రాయి ఏదైనా ఉంటే దాన్ని ఉన్న చోటే ఉంచి, ఫోటో తీసి పురావస్తు శాఖకు పంపండి.

వచ్చే భాగంలో: నగునూరు గుళ్లు, కాకతీయుల మంత్రులు.